బ్యాండు వాద్యకారుడు ఎవరి మనిషి?

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి వ్రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరిన వారం రోజులకే మా ఇంటికి ఒక కుర్రవాడు వచ్చాడు. మా వీధి చివర బ్యాండు మేళం నడుపుకునే కుటుంబంలోని పిల్లవాడు. తండ్రి ట్రంపెట్ వాయిస్తాడు. ఇతడిది క్లారినెట్. పదో తరగతి మంచి మార్కులతోనే పాసయ్యాడు. నౌకాదళం బ్యాండులోకి వాద్యకారులను తీసుకుంటారని ఎవరో చెప్పగా విని, ఆ ప్రకటనను సెల్‌ఫోనులో పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"తాతగారూ, అందులో చేరితే నేను సిపాయినా, వాయిద్యగాణ్ణా? ముసలితనంలో పింఛను వస్తుందా?" అని అడిగాడు.

రెండవ ప్రశ్నకు నేను తడుముకోనవసరం లేదు. ముప్పైమూడు సంవత్సరాలు ఖజానా శాఖలో పింఛను బిల్లులు చూసినవాణ్ణి. కానీ మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే తప్ప రెండవదానికి సరైన జవాబు చెప్పలేమని, కాస్త చదివిన తరువాత నాకు బోధపడింది. ఈ రెండు ప్రశ్నలూ రెండున్నర శతాబ్దాలుగా ఒకదానినొకటి అంటిపెట్టుకునే ఉన్నాయి. ఆ కథనే మిత్రులకు మనవి చేస్తున్నాను.

నెల జీతపు మేళగాళ్ళు

సైన్యంలో వాద్యం రెండు విధాలు. డప్పు, నగారా, బూర మొదలైనవి ఆజ్ఞలు అందించే సాధనాలు. లేవండి, నడవండి, ఆగండి, వెనక్కి తిరగండి అన్న మాటలను యుద్ధపు హోరులో గొంతుతో చెప్పలేరు కనుక వాద్యంతో చెప్పేవారు. ఆ పని చేసేవాడు మొదటినుంచీ సైనికుడే. రెండవది మేళం. అది కవాతుకు అందం, అధికారుల విందుకు వినోదం. ఈ మేళంలో వాయించేవాడి స్థితి మాత్రం చాలా కాలం ఎటూ తేలలేదు.

ఇంగ్లండులో 18వ శతాబ్దంలో రెజిమెంటు మేళానికి అయ్యే ఖర్చును చాలావరకు అధికారులే తమ జేబులలోనుంచి చందాలు వేసుకుని భరించేవారు. వాద్యకారులు పట్టణంలోని వృత్తి కళాకారులు. నెల జీతానికి కుదిరి, కవాతు వేళకు వచ్చి వాయించి, సాయంత్రం నాటకశాలలోనో నాట్యసభలోనో మరొక పని చూసుకునేవారు. లండన్‌లోని కోల్డ్‌స్ట్రీమ్ గార్డ్స్ అనే ప్రసిద్ధ రెజిమెంటుకు ఇటువంటివారు ఎనిమిది మంది ఉండేవారు. ఒకసారి అధికారులు పడవలలో గ్రీనిచ్‌కు విహారయాత్ర తలపెట్టి, మీరు వచ్చి వాయించాలన్నారు. మాకు వేరే మర్యాదస్తుల దగ్గర ఒప్పుకున్న పనులున్నాయి, రావడం కుదరదని వారు చెప్పేశారు. ఒప్పందం ప్రకారం వారన్నది తప్పు కాదు. అధికారులకు మాత్రం తల కొట్టేసినట్లయింది. మాట వినే మేళం కావాలని వారు తమ కర్నల్, రాజుగారి కుమారుడు అయిన డ్యూక్ ఆఫ్ యార్క్‌ను కోరారు. ఫలితంగా 1785లో జర్మనీలోని హానోవర్ నుంచి కొత్త మేళం వచ్చింది. వీరు సైన్యంలో చేరినట్లు ప్రమాణం చేసినవారు. రమ్మంటే రావాలి, వాయించమంటే వాయించాలి.

ఉద్యోగులమైన మనకు ఇందులోని మెలిక వెంటనే తెలుస్తుంది. మొదటి ఎనిమిది మందికి స్వేచ్ఛ ఉంది, భద్రత లేదు. తరువాత వచ్చినవారికి స్వేచ్ఛ పోయింది, సైన్యంలో ఒక స్థానం దొరికింది.

అదే హానోవర్‌లో అంతకు ముప్పై ఏళ్ళ క్రితం జరిగిన మరొక కథ ఉంది. ఐజాక్ హెర్షెల్ అనే ఆయన అక్కడి గార్డ్స్ రెజిమెంటు మేళంలో ఓబో వాయించేవాడు. ఓబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. కుమారుడు విలియమ్‌ను కూడా 1753లో అదే మేళంలో చేర్చాడు. 1757లో ఫ్రెంచివారితో హాస్టెన్‌బెక్ వద్ద యుద్ధం వచ్చి హానోవర్ సేనలు ఓడిపోయాయి. ఆ గందరగోళంలో, వెళ్ళిపొమ్మని తండ్రే సలహా ఇవ్వగా, కుర్రవాడు ఇంగ్లండు చేరుకున్నాడు. సైనికుడైతే అది పారిపోవడం అవుతుంది. కానీ అతడు చిన్నతనంలోనే మేళంలో చేరినవాడు కావడంతో పద్ధతి ప్రకారం ప్రమాణం చేయించనే లేదు. విడుదల పత్రం మాత్రం 1762లో చేతికి వచ్చింది. ఇంగ్లండులో సంగీతం చెప్పి, వాయించి పొట్ట పోసుకుంటూ, రాత్రులు దుర్భిణిలో ఆకాశాన్ని చూస్తూ, 1781లో యురేనస్ గ్రహాన్ని కనుగొన్న విలియమ్ హెర్షెల్ ఇతడే. సిపాయా కాదా అన్న సంగతి తేలకుండా ఉండటం ఆయనకు మేలు చేసింది. అందరికీ అంత అదృష్టం పట్టలేదు.

స్కుటారిలో అపశ్రుతి

నేడు మనం చూసే బ్యాండులోని పెద్ద డోలు, తాళాలు యూరపుకు టర్కీ నుంచి వెళ్ళాయి. ఆటోమన్ సుల్తానుల జానిసరీ సేనకు మెహ్తర్ అనే ఘనమైన మేళం ఉండేది. దాని మోతకు బెదిరిన యూరపు రాజులే తరువాత దానిని అనుకరించారు. విచిత్రమేమంటే, 1826లో సుల్తాన్ రెండవ మహమూద్ జానిసరీలను రద్దు చేసినపుడు మెహ్తర్ కూడా పోయింది. పాశ్చాత్య పద్ధతి బ్యాండును తయారు చేయడానికి 1828లో ఇటలీ నుంచి జుసెప్పె డోనిజెట్టి అనే వాద్యకారుణ్ణి జీతానికి పిలిపించారు. ప్రసిద్ధ సంగీత నాటక కర్త గయెటానో డోనిజెట్టికి ఈయన అన్నగారు. ఇస్తాంబుల్‌లోనే స్థిరపడి, పాషా బిరుదు పొంది, 1856లో అక్కడే కన్నుమూశాడు. పరదేశం నుంచి వచ్చిన బ్యాండుమాస్టరుకు అంతకు మించిన గౌరవం ఏముంటుంది! అయితే ఒక డోనిజెట్టి పాషా అయిన రోజులలోనే, శతాబ్దాలుగా వాయించిన మెహ్తర్ వాద్యకారుల కొలువు ఒక్క ఉత్తర్వుతో ముగిసిపోయింది. కొలువు ఇచ్చేవాడి అభిరుచి మారితే వాద్యకారుడి బ్రతుకు ఏమవుతుందో ఇది చెబుతుంది.

ఆ ఇస్తాంబుల్‌కు ఎదురు ఒడ్డునే స్కుటారి ఉంది. క్రిమియా యుద్ధానికి వెళ్తున్న బ్రిటిష్ సేనలు అక్కడ దిగాయి. 1854 మే 24న విక్టోరియా రాణి జన్మదినం సందర్భంగా దాదాపు 16,000 మంది సైనికులతో పెద్ద కవాతు జరిపారు. మిత్రరాజ్యాల వారు కూడా చూస్తున్నారు. రాణిగారి గీతం వాయించమని ఆజ్ఞ అయింది. రెజిమెంట్ల బ్యాండులన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టాయి. కానీ ఒక్కొక్కరిది ఒక్కొక్క శ్రుతి, ఒక్కొక్కరిది ఒక్కొక్క పాఠం! పాట ఒక్కటే అయినా పది పెళ్ళి ఊరేగింపులు నాలుగు రోడ్ల కూడలిలో ఎదురుపడ్డట్టు అయింది.

దీనికి కారణం వాద్యకారుల అసమర్థత కాదు. ప్రతి రెజిమెంటూ తన డబ్బుతో తన మాస్టరును పెట్టుకునేది. వారిలో చాలామంది జర్మన్లు, ఇటాలియన్లు. వాద్యాలు, శ్రుతి, స్వరపత్రాలు అన్నీ మాస్టరు ఇష్టం. పైగా ఆ మాస్టర్లు ఒప్పందం మీద వచ్చిన పౌరులు కనుక యుద్ధానికి రమ్మంటే చాలామంది రాలేదు. మాస్టరు లేని బ్యాండులు యుద్ధభూమిలో దిక్కులేనివయ్యాయి. తమ మనిషి కానివాడి మీద సైన్యానికి హక్కు లేదు, అతడి విషయంలో సైన్యానికి బాధ్యతా లేదు.

ఆ అనుభవంతో డ్యూక్ ఆఫ్ కేంబ్రిడ్జ్ పూనుకుని, 1857 మార్చి 3న లండన్ శివార్లలోని నెల్లర్ హాల్ అనే భవనంలో సైనిక సంగీత పాఠశాల తెరిపించాడు. సైన్యంలోని వాద్యకారులనే ఎంపిక చేసి, తరిఫీదు ఇచ్చి, బ్యాండుమాస్టర్లుగా తిరిగి పంపడం దాని పని. కిరాయి మాస్టరు స్థానంలో సైన్యం తయారు చేసుకున్న మాస్టరు వచ్చాడు. ఆ పాఠశాల 2021 వరకు ఆ భవనంలోనే నడిచి, తరువాత పోర్ట్స్‌మత్‌కు తరలింది.

స్థానం వచ్చినపుడు దానితోపాటు బాధ్యత కూడా వచ్చింది. యుద్ధం వస్తే బ్యాండువారు వాద్యాలు పక్కన పెట్టి, క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద మోయాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎందరో వాద్యకారులు ఆ పనిలో గుండ్లకు బలి అయ్యారు. మన సైన్యంలో కూడా బ్యాండువారికి యుద్ధకాలంలో ఇదే విధి.

మన గడ్డ మీద

బ్రిటిష్‌వారి బ్యాండు మొదట వినిపించిన చోట్లలో మద్రాసులోని సెంట్ జార్జి కోట ఒకటి. ముత్తుస్వామి దీక్షితుల వారి కుటుంబం మద్రాసు సమీపంలోని మణలిలో ఉన్న రోజులలో ఆ బాణీలు విని, వాటికి దీక్షితుల వారు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. వాటినే నొట్టుస్వర సాహిత్యాలు అంటారు. నోటు అన్న ఆంగ్లపదమే నొట్టు అయింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చి, దానిని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. సైనికుల వాద్యం మన సంగీతానికి అట్లా ఒక కానుక ఇచ్చి వెళ్ళింది.

సంస్థానాధీశులు కూడా బ్యాండులను పోషించారు. తంజావూరు శరభోజి మహారాజు మొదలుకొని ఎందరో ఆ ముచ్చట తీర్చుకున్నారు. అక్కడ గోవా వాద్యకారులకు, యూరపు మాస్టర్లకు కొలువులు దొరికాయి. మైసూరు మహారాజావారి ప్యాలెస్ బ్యాండుకు ఆటో ష్మిట్ అనే జర్మన్ నాయకత్వం వహించాడు. స్వాతంత్ర్యం వచ్చి సంస్థానాలు విలీనమయ్యాక ఈ వాద్యకారుల పోషణ ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. మైసూరు బ్యాండు పోలీసు శాఖ నీడకు చేరి బ్రతికింది. అట్లా ఏ ప్రభుత్వ శాఖా చేరదీయనివారు చెల్లాచెదురయ్యారు.

మన ఊళ్ళ బ్యాండు మేళాలు ఈ చెట్టు కొమ్మలే. భుజాల మీద జరీ పట్టీలు, ఎర్రకోటు, తలపాగా, నడుముకు బెల్టు, అన్నీ రెజిమెంటు బ్యాండు వేషమే. అయితే వేషం వచ్చింది గానీ జీతం రాలేదు. మూఢం వచ్చిందంటే ఆ కోటు పెట్టెలోకి, మనిషి కూలిపనికి. మా వీధి కుర్రవాడి ఇంట్లో మూడు తరాలుగా జరుగుతున్నది ఇదే.

రాంసింగ్ కథ

ఈ చరిత్రలో మనం మరువరాని పేరు కెప్టెన్ రాంసింగ్ ఠాకూరి. 1914లో ధర్మశాల ప్రాంతంలో గూర్ఖా కుటుంబంలో పుట్టాడు. బాల్యంలోనే గూర్ఖా రైఫిల్స్‌లో చేరి, అక్కడి బ్యాండులో పాశ్చాత్య సంగీతం నేర్చాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో మలయాలో జపానువారికి చిక్కి, తరువాత నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజులో చేరాడు. "కదమ్ కదమ్ బఢాయే జా" బాణీ ఆయనదే. ఫౌజు జాతీయ గీతంగా ఎంచుకున్న "శుభ్ సుఖ్ చైన్"కు కూడా ఆయనే బాణీ సిద్ధం చేశాడు. ఆ గీతం రచనలో పాలుపంచుకున్న ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదు వాస్తవ్యుడు, నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన సాహసి.

ఒక్క మాట ఆలోచించండి. రాంసింగ్‌కు సంగీతం నేర్పింది బ్రిటిష్ సైన్యం. ఆ విద్యతోనే ఆయన బ్రిటిష్‌వారిని వెళ్ళగొట్టే పాట కట్టాడు. నేర్పినవాడు జీతం ఇచ్చాడు గానీ మనసు కొనలేకపోయాడు. యుద్ధం ముగిసిన తరువాత ఆజాద్ హింద్ ఫౌజువారిని తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. స్వతంత్ర భారతంలో రాంసింగ్ లక్నోలోని ప్రాదేశిక సాయుధ పోలీసు దళంలో చేరి, అక్కడి బ్యాండును తీర్చిదిద్దాడు. 2002 ఏప్రిల్‌లో మరణించాడు. దేశమంతా పాడుకున్న బాణీ కట్టినవాడికి కూడా బ్రతకడానికి ఒక పోలీసు బ్యాండు ఉద్యోగం కావలసివచ్చింది.

పచ్‌మఢీ బడి

స్వాతంత్ర్యానంతరం బ్రిటిష్ బ్యాండుమాస్టర్లు వెళ్ళిపోగా మన సైన్యానికి సొంత గురువులు కావలసివచ్చారు. అప్పటి సేనాధిపతి జనరల్ కరియప్ప చొరవతో 1950లో మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కొండలలో సైనిక సంగీత పాఠశాల వెలిసింది. ఇంగ్లండుకు నెల్లర్ హాల్ ఎటువంటిదో మనకు పచ్‌మఢీ అటువంటిది. రెజిమెంట్ల నుంచి వచ్చిన జవాన్లు అక్కడ స్వరలేఖనం, వాద్యం నేర్చుకుంటారు. అందులో నిలదొక్కుకున్నవారు పై తరగతి శిక్షణ పొంది బ్యాండుమాస్టర్లు అవుతారు. మిత్రదేశాల సైనికులు కూడా వచ్చి నేర్చుకుని వెళ్ళారు. నౌకాదళానికి ముంబయిలోని ఐ.ఎన్.ఎస్. కుంజాలిలో ప్రత్యేకంగా సంగీత శిక్షణ ఉంది.

ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌ను మనమందరం టీవీలో చూస్తాము. డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవ వేడుకలలో విశాఖ బీచ్ రోడ్డు మీద నౌకాదళ బ్యాండును చూసిన మిత్రులూ మనలో ఉన్నారు. ఆ వరుసలో నిలబడ్డ ప్రతివాడూ శిక్షణ పొందిన సైనికుడు. మన రక్షణ దళాలలో సామాన్య జవానుకు పింఛను రావడానికి కనీసం 15 సంవత్సరాల సర్వీసు ఉండాలి. ఆ లెక్కన సర్వీసు పూర్తి చేసిన బ్యాండు జవాను, చేతిలో విద్యతో, పింఛను పుస్తకంతో, నలభై నిండకుండానే ఇంటికి వచ్చేవాడు. అటువంటివారు ఊరిలో పిల్లలకు సంగీతం చెప్పగలిగారు, పట్టణపు బ్యాండుకు మాస్టర్లు కాగలిగారు. కోల్డ్‌స్ట్రీమ్ ఎనిమిది మందికి లేనిది, పోరాడి కాకపోయినా చరిత్ర గమనంలో వీరికి దక్కింది.

మరొక పద్ధతి కూడా లోకంలో ఉంది. అమెరికా మెరైన్ బ్యాండు 1798లో ఏర్పడింది. జాన్ ఫిలిప్ సౌజా అనే కుర్రవాడు సర్కసుతో వెళ్ళిపోదామని చూస్తుంటే, ఆ బ్యాండులోనే ట్రాంబోన్ వాయించే తండ్రి 1868లో 13వ ఏట అతణ్ణి అక్కడ శిష్యుడిగా చేర్పించాడు. తరువాత 1880 నుంచి 1892 వరకు అతడే ఆ బ్యాండుకు నాయకుడై, కవాతు బాణీల రాజు అనిపించుకున్నాడు. ఆ బ్యాండులో చేరాలంటే తెర చాటున కూర్చుని వాయించాలి. పరీక్షకులకు మనిషి కనబడడు, వాద్యమే వినబడుతుంది. నెగ్గినవాడికి తుపాకీ శిక్షణ లేకుండానే స్టాఫ్ సార్జెంటు హోదా ఇస్తారు. అంటే, నీ విద్యే నీ సైనిక సేవ అని వారు ఒప్పుకున్నారు. మన దేశంలో అట్లా కాదు. ఇక్కడ ముందు సైనికుడు, తరువాత వాద్యకారుడు.

కుర్రవాడికి చెప్పిన జవాబు

ఇక మా వీధి పిల్లవాడి సంగతి. 2022 జూన్‌లో ప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. ఆ తరువాత నౌకాదళం, వైమానిక దళం వాద్యకారులను కూడా అగ్నివీర్లుగానే తీసుకోసాగాయి. 2024 ప్రకటనలలో పదో తరగతి పాసైన అవివాహిత యువకులతోపాటు యువతులకూ అవకాశం ఇచ్చారు. వాద్య పరీక్ష నెగ్గాలి, 1.6 కిలోమీటర్ల పరుగూ నెగ్గాలి. వైమానిక దళం వారు పాశ్చాత్య స్వరలేఖనమే కాక హిందుస్తానీ, కర్ణాటక పద్ధతులను కూడా అంగీకరించారు. ఇది సంతోషించవలసిన విషయం. మన పిల్లలు నేర్చిన సరిగమలకు అక్కడ విలువ ఉంది.

అయితే పథకం ప్రకారం సర్వీసు నాలుగు సంవత్సరాలు. ఆఖరున నూటికి 25 మందికి మించకుండా రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి తమ జీతంలో కోత పడిన సొమ్ము, దానికి సమానంగా ప్రభుత్వం వేసినది, వడ్డీ కలిపి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు.

ఇది మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఈ వ్యాసంలో చోటు లేదు. కానీ చరిత్ర చదివినవాడికి ఒక విషయం కనిపించక మానదు. కిరాయి వాద్యకారుడి నుంచి పింఛను వాద్యకారుడి వరకు ఈ వృత్తి నడిచిన దారి చాలా దూరం. ఆ దారిలో ఒప్పందపు కొలువు మళ్ళీ ఎదురయింది. తేడా ఏమిటంటే, 1785కు ముందు ఒప్పందపు మనిషి పడవ ప్రయాణానికి రానని చెప్పగలిగాడు. ఈ ఒప్పందపు మనిషి సైనిక క్రమశిక్షణకు పూర్తిగా లోబడినవాడు. వాద్యం మీద చేయి కుదరడానికే నాలుగేళ్ళు పడుతుందని ఏ గురువును అడిగినా చెబుతాడు.

ఇవన్నీ ఆ కుర్రవాడికి ఒకటికి రెండుసార్లు విడమర్చి చెప్పాను. "నువ్వు ముందు సిపాయివి నాయనా, తరువాతే వాద్యకారుడివి. పింఛను వస్తుందని లెక్క వేసుకుని వెళ్ళకు. నలుగురిలో ఒకడివి అయితే వస్తుంది. కాకపోతే సేవానిధి, నేర్చిన విద్య, ఆ రెండే నీ వెంట వస్తాయి. స్వరలేఖనం మాత్రం బాగా పట్టుకో, అది ఎక్కడికి వెళ్ళినా అన్నం పెడుతుంది" అన్నాను.

పక్కనే నిలబడి వింటున్న అతడి తండ్రి నెమ్మదిగా, "నాలుగేళ్ళు నెల నెలా జీతం అంటన్నారు గదా బాబుగారూ. మా ఇంట్లో ఇంతవరకు ఏ వాయిద్యానికీ నెల జీతం రాలేదు" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. పింఛను అందుకుంటున్నవాణ్ణి, పింఛను లేని ఇంటి లెక్క నాకు ఎట్లా తెలుస్తుంది? తెల్లవారుజామున మా వీధిలో ఇప్పుడు క్లారినెట్ వినిపిస్తోంది. ఆ తరువాత కాసేపటికి అదే కుర్రవాడు మైదానం వైపు పరుగెత్తుతూ కనిపిస్తున్నాడు.

మన సభ్యుల ఇళ్ళలో గాని, ఇరుగుపొరుగున గాని వాద్యం నేర్చిన పిల్లలుంటే ఈ దారి ఒకటున్నదని చెప్పండి. దాని మంచీ చెడ్డా రెండూ చెప్పండి. ఈసారి బీటింగ్ రిట్రీట్ చూసేటపుడు, ఆ బాణీతోపాటు వాయించేవాడి సర్వీసు ఎన్నేళ్ళో కూడా ఒక్కసారి తలచుకుంటారని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.